కలిసి నడిచినంత మాత్రాన సరిపోయినట్లు కాదు

"మా కేంద్రంలో వెన్న 7 శాతం వస్తే డైరీలో 6.7 వేశారు." గేదె పాలకు పేరుపడ్డ మన గోదావరి జిల్లాల్లో ఈ మాట వినని సంఘ సభ్యుడు ఉండడు. ఈ తగవును కేకలతో కాక లెక్కతో తేల్చుకోవచ్చని మేము మనవి చేస్తున్నాము.

లారీ ఎక్కించే ముందు క్యాను పాలకు మనం తీసిన శాతాన్ని కంప్యూటరు పట్టికలో బి వరుసలోనూ, అవే పాలకు డైరీ తీసిన శాతాన్ని సి వరుసలోనూ 30 రోజులు రాయండి. 'కోరెల్ (బి2:బి31, సి2:సి31)' అనే సూత్రం సహసంబంధ గుణకాన్ని ఇస్తుంది. మన అంకె పెరిగినప్పుడు డైరీ అంకె కూడా అదే పాళ్ళలో పెరిగితే ఇది 1కి దగ్గరగా ఉంటుంది. 'ఆర్‌ఎస్‌క్యూ' సూత్రం దీని వర్గాన్ని ఇస్తుంది. గుణకం 0.9 అయితే వర్గం 0.81. అంటే డైరీ అంకెల హెచ్చుతగ్గుల్లో 100కు 81 వంతులు మన అంకెలతో గీసిన సరళరేఖకు అమరాయన్నమాట.

ఇక్కడే పొరపాటు పడతాము. ఉదాహరణకు మన అంకెలు 6.5, 7.0, 7.6, డైరీవి 6.2, 6.7, 7.3 అనుకుందాం. గుణకం సరిగ్గా 1. అయినా ప్రతి రోజూ 0.3 తేడా ఉంది! రోజుకు 200 కిలోల పాలు పంపే సంఘానికి అది 600 గ్రాముల వెన్న, నెలకు 18 కిలోలు. రెండు అంకెలూ కలిసి నడుస్తున్నాయని మాత్రమే గుణకం చెబుతుంది, సమానమని చెప్పదు.

అందుచేత డి వరుసలో బి నుంచి సి తీసివేసి, 'ఏవరేజ్' సూత్రంతో సగటు తేడా చూడండి. తేడా రోజూ ఒకే తీరుగా ఉంటే రెండు చోట్లా యంత్రాల సరిచూపు అడగాలి. ఒకనాడు హెచ్చుగా, ఒకనాడు తగ్గుగా ఉంటే నమూనా తీసే పద్ధతి చూసుకోవాలి. క్యాను బాగా కలపకపోతే మీగడ పైకి తేలి పై పాలకు ఎక్కువ శాతం, అడుగు పాలకు తక్కువ శాతం వస్తుంది.

మరొక్క సంగతి. నెలంతా వెన్న 6.8, 6.9 మధ్యనే ఉంటే, యంత్రం మంచిదైనా గుణకం తగ్గి కనబడవచ్చు. దానికి కంగారు పడనక్కరలేదు.

ఈ పట్టికను కార్యదర్శి, సభ్యులు కలిసి చూసుకొని, ఆ కాగితంతోనే డైరీ వారిని అడగవలసిందిగా కోరుతున్నాము.