స్వీడన్ ఎర్ర ఇల్లు, జనగామ జాజు గోడ: కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే 163వ నంబరు జాతీయ రహదారి మీద జనగామ వైపు వస్తుంటే ఫామ్‌హౌస్ ప్లాట్ల బోర్డులు వరసగా కనిపిస్తాయి. బొమ్మలు కాస్త అటూ ఇటూగా ఒకటే. తెల్లగోడలు, నేల నుంచి పైకప్పు దాకా అద్దం, లేతరంగు కలప, మూలన బూడిదరంగు సోఫా. 2018 ఆగస్టులో ఐకియా మన దేశంలో తన మొదటి దుకాణం హైదరాబాద్‌లో తెరిచిన తర్వాత ఈ మోజు ఇంకా పెరిగింది. మానుకోట (మహబూబాబాద్)లోనూ, భూపాలపల్లిలోనూ ఇల్లు కట్టించుకునేవాళ్లు ఫోన్‌లో ఫొటో చూపించి "గిట్ల కావాలె" అంటున్నారు. మేస్త్రి సరేనంటాడు. ఆ ఫొటోలో ఉన్నది అక్కడ ఎందుకుందో చెప్పడం ఆయన పని కాదు కదా.

ఆ ఫొటో వెనక ఉన్న కథ తెలిస్తే మాత్రం, చాలామంది కొత్త ప్లాటు కోసం తిరగడం మానేసి, సొంతూళ్లో తాళం వేసి వచ్చిన ఇంటి వైపు చూస్తారని నా నమ్మకం.

అపోహ: సమ్మర్ హోమ్ అంటే ఉన్నోళ్ల విలాసం

స్వీడన్ జనాభా కోటి దాటి కొంచెం. సెలవుల్లో ఉండడానికి పెట్టుకున్న ఇళ్లు అక్కడ దాదాపు 6 లక్షలు. అన్నీ ధనవంతులవి కావడం సాధ్యమేనా? ఎక్కువ భాగం ఒకటి రెండు గదుల చెక్క ఇళ్లు. పాతవాటిలో నల్లా లేనివి, మరుగుదొడ్డి పెరట్లో విడిగా ఉన్నవి ఇప్పటికీ ఉన్నాయి.

ఈ ఇళ్లలో చాలావాటిని 'టోర్ప్' అంటారు. భూస్వామి ఇచ్చిన చెలక ముక్కలో ఒక రైతు చిన్న ఇల్లు వేసుకునేవాడు. దానికి బదులుగా భూస్వామి పొలంలో ఇన్ని రోజులని లెక్క ప్రకారం ఊరికే పనిచేసి పెట్టాలి. ఆ రైతు ఇల్లే టోర్ప్. జనగామ ప్రాంతంవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. విసునూరు దేశ్‌ముఖ్ కింద వెట్టి చేసిన ఊళ్లు ఈ జిల్లావే. 1946 జూలై 4న దొరను ఎదిరించిన దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగిన కడవెండీ ఇక్కడే ఉంది. రెండు చోట్లా చట్టాలు వేరు, దౌర్జన్యం స్థాయి కూడా వేరు. కానీ స్వీడన్ పల్లె ఫొటోల్లో ముద్దుగా కనిపించే ఎర్ర చెక్క ఇల్లు ఒకప్పుడు దొర పొలంలో దినాలు లెక్కపెట్టుకున్నవాడి ఇల్లన్నది నిజం.

1850 నుంచి 1930 దాకా సుమారు 13 లక్షల మంది స్వీడన్ విడిచి అమెరికా వెళ్లిపోయారు. ఉన్నవాళ్లలోనూ ఎందరో పట్నాల ఫ్యాక్టరీల బాట పట్టారు. ఊళ్లలో ఇళ్లు ఖాళీ పడ్డాయి. 1938లో కార్మికులందరికీ రెండు వారాల జీతపు సెలవు చట్టమైంది. 1978 నుంచి అది ఐదు వారాలు. సెలవు చేతికొచ్చిన కార్మికుడికి ఉండడానికి ఒక చోటు కావాలి. తాత వదిలేసిన ఇల్లుంటే దానికి, లేకుంటే ఎవరో వదిలేసింది చవగ్గా కొని దానికి వెళ్లాడు. కారుతున్న చోట మరమ్మతు చేసుకున్నాడు. పట్నం ఇంట్లో పాతబడిన కుర్చీలు, మంచాలు అక్కడికి చేరాయి. ఏ రెండూ జత కుదరని ఆ సామానే ఇవాళ 'రిలాక్స్‌డ్ స్టైల్' పేరుతో మన దగ్గర కొత్త ధరకు అమ్ముడవుతోంది!

వలస మనకూ తెలిసిందే. పాలకుర్తి, దేవరుప్పుల, తొర్రూరు, డోర్నకల్... ఏ ఊరికి పోయినా ఒకరిద్దరు కొడుకులు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న ఇల్లు, దానికి తాళం కనిపిస్తాయి. దసరాకు తీసి, ఊడ్చి, మళ్లీ వేస్తారు. స్వీడన్‌వాళ్ల లెక్కలో సమ్మర్ హోమ్ అంటే అది. 200 గజాల్లో కట్టిన అద్దాల గది కాదు.

అపోహ: స్కాండినేవియన్ అంటే తెలుపూ బూడిదా, అంతే

స్వీడిష్ ఇంటి అందానికి ప్రపంచమంతా మొక్కుతున్న మూలవిరాట్టు సుండ్‌బోర్న్ అనే పల్లెలో ఉంది. చిత్రకారుడు కార్ల్ లార్సన్‌కూ, ఆయన భార్య కారిన్‌కూ 1888లో ఆమె తండ్రి ఒక చిన్న దుంగల ఇల్లు ఇచ్చాడు. మొదట వేసవి ఇల్లుగానే వాడుకుని, 1901 నుంచి కాపురం అక్కడే పెట్టారు. కార్ల్ ఆ గదులన్నీ నీటిరంగుల్లో వేసి 1899లో పుస్తకంగా తెచ్చాడు. ఆ బొమ్మల్లో తెలుపు ఒక రంగు మాత్రమే. ఎర్ర కుర్చీలు, ఆకుపచ్చ చెక్కపలకలు, పసుపు, నీలం ఎక్కడ చూస్తే అక్కడ ఉంటాయి. గుడ్డలు నేసిందీ, కుట్టిందీ, కుర్చీలకూ బల్లలకూ నమూనాలు గీసిందీ ఎక్కువగా కారిన్. పేరు మాత్రం చాలాకాలం భర్తకే పోయింది.

ఇక బయట గోడ. సుండ్‌బోర్న్ పక్కనే ఫాలూన్ రాగి గని ఉంది. రాగి తీశాక మిగిలిన, ఇనుము కలిసిన మట్టిని కాల్చి, నీళ్లలో రై పిండి, అవిసె నూనె, అన్నభేది వేసి ఉడికిస్తే ఒక ముదురు ఎరుపు వస్తుంది. చెక్క ఇళ్లకు పూసేది దాన్నే. మొదట్లో అది పేదల రంగు కాదు. ఇటుక మేడలున్న దొరలను చూసి, చెక్క ఇళ్లవాళ్లు ఇటుకలా కనిపించాలని పూసుకున్నారు. పల్లె ఇళ్లకు విరివిగా చేరింది 19వ శతాబ్దంలో. గని 1992లో మూతపడింది, 2001లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. రంగు తయారీ ఆగలేదు.

మన జాజు కూడా అదే సరుకు. ఐరన్ ఆక్సైడ్. గోడంతా సున్నం కొట్టి, అడుగున మూరెడు ఎత్తున జాజు పట్టె వేయడం పండుగకో పెళ్లికో తెలంగాణ ఇంట్లో తప్పనిసరిగా ఉండేది. చూరు నీళ్లు నేల మీద పడి చిమ్మితే సున్నపు గోడ కింది భాగం ఎర్ర మరకలు పడుతుంది. మరకలు పడే చోట ముందే ఎరుపు పూసి పెట్టడం అన్నమాట! మహబూబాబాద్ జిల్లా బయ్యారం గుట్టలు ఇనుప ఖనిజానికి పేరుపడ్డవి, ఉక్కు ఫ్యాక్టరీ మాట 2014 విభజన చట్టం దాకా వెళ్లింది. ఎర్రటి నేల మీద నిలబడి, స్వీడన్ ఎరుపును డబ్బాల్లో దొరికే రంగుల కార్డులో వెతుక్కోవడం నాకు తమాషాగా అనిపిస్తుంది.

అక్కడి ఇళ్లలో నేల మీద పరిచే చారల పట్టాలు కూడా పాతబట్టలే. చింపి పేలికలు చేసి మగ్గం మీద నేస్తారు. పాత చీరలు పొరలుగా వేసి కుట్టిన మన బొంత అదే పొదుపులోంచి పుట్టింది. రంగు కావాలంటే మానుకోట చుట్టుపక్కల తండాల్లో లంబాడా ఆడవాళ్ల అద్దాల కుట్టుపని ఉంది. ఒక గోడకు అది చాలు. కింద పరచడానికి 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దరీలు, గూట్లో పెట్టుకోవడానికి జనగామ పక్కన పెంబర్తి ఇత్తడి. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల దుమ్ము పడే భూపాలపల్లిలో తెల్ల సోఫా కొనేవాళ్లకు మాత్రం నా సానుభూతి.

అపోహ: అద్దం ఎంత పెద్దదైతే ఇల్లు అంత హాయి

స్టాక్‌హోమ్‌లో డిసెంబరులో పగలు ఆరు గంటలే. జూన్‌లో పద్దెనిమిది గంటలు దాటుతుంది. అక్కడి తెల్లగోడ, పెద్ద కిటికీ దొరికిన కాస్త వెలుతురును ఇంట్లో తిప్పుకునే ఉపాయాలు. వేసవి ఇంటికి వెళ్లడమంటే ఎండ కోసం వెళ్లడం.

మనం ఎండకు పారిపోయేవాళ్లం. జనగామలో మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండను చూరు ఆపగలదు. సాయంత్రం నాలుగింటికి పడమటి నుంచి ఏటవాలుగా వచ్చే ఎండను ఏ చూరూ ఆపలేదు. అది అద్దంలోంచి లోపలికి దూరుతుంది. లోపల నేల, సామాను వేడెక్కి వెళ్లగక్కే వేడి మాత్రం అదే అద్దంలోంచి అంత తేలిగ్గా బయటికి పోదు. పడమటి గోడకు అద్దం పెట్టి, దానికి కర్టెన్లు వేసి, ఆపైన ఏసీ పెట్టుకోవడం ఇక్కడ కట్టిన 'స్కాండినేవియన్' ఇళ్లలో మామూలు కథ.

తెలుపు మనకూ పనికొస్తుంది, కాకపోతే గది గోడ కన్నా స్లాబు మీద ముందు. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. నడినెత్తి ఎండ మొదట తగిలేది పైకప్పుకు. దాని మీది తెల్లపూత ఎండను తిప్పికొడుతుంది.

అపోహ: మట్టి ఇల్లు ఏసీ లెక్క చల్లగా ఉంటది

ఇది మోజుకు వ్యతిరేక దిక్కు నుంచి వచ్చే అపోహ. పాతిల్లంటే స్వర్గమని ఊరు విడిచి ముప్పై ఏళ్లయినవాళ్లు చెబుతుంటారు.

మూరెడు మందం మట్టిగోడ పగటి వేడిని తనలో దాచుకుని లోపలికి ఆలస్యంగా వదులుతుంది. అందుకే మధ్యాహ్నం ఇంట్లో హాయి. దాచుకున్న వేడి రాత్రికి బయటపడుతుంది. వేసవి రాత్రుళ్లు ఊరంతా వాకిట్లో నులక మంచాలు వేసుకుని పడుకున్నది వెన్నెల చూడడానికి కాదు. ఆ ఇంటి చల్లదనంలో సగం వాకిలిది, దానిమీది వేపచెట్టుది. వాకిలిని కూడా స్లాబు కింద కలిపేసుకుని "మట్టిగోడలు అట్లనే ఉంచినం, అయినా ఉడుకపోస్తున్నది" అంటే గోడ ఏం చేస్తుంది?

ఇక చాకిరి. వారం వారం పేడతో అలుకుడు, ఏడాదికోసారి సున్నం, వానాకాలం ముందు పెంకు తిరగేయడం. మగవాళ్లు పెంకు ఎక్కేది ఏడాదికొకసారి. మిగిలినదంతా ఆడవాళ్ల నడుముల మీద నడిచింది. అత్తగారి పాతింటి గురించి కోడళ్లు కవిత్వం చెప్పకపోవడానికి కారణం ఉంది.

గూనపెంకు ఇళ్లు పోవడానికి ఇంకో పెద్ద కారణం కోతులు. గుంపు ఒకసారి ఇంటి మీదుగా దూకుతూ పోతే పదులకొద్దీ పెంకులు పగులుతాయి. ఎన్నిసార్లని సర్దిస్తారు? పెంకు తీసి రేకులు వేస్తారు. పెంకుల సందుల్లోంచి పైకి పోయే వేడిగాలి రేకు కింద చిక్కుకుంటుంది. రేకే వేయక తప్పకపోతే కింద వెదురు తడకో గడ్డి పొరో పరిచి, రేకుకూ దానికీ మధ్య గాలి ఆడేలా వదలాలి.

అపోహ: మట్టిగోడకు సిమెంటు పూస్తే గట్టిపడుతుంది

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పాత ఇళ్లను ఎక్కువగా చంపింది ఈ ఒక్క నమ్మకం. మట్టిగోడ నేల నుంచి తడి పీల్చుకుని, ఆ తడిని గాలికి వదులుతూ బతుకుతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. పైగా మట్టి తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, సిమెంటు దానితో కదలదు. రెండు మూడు వానాకాలాలకు పూత గోడను వదిలి బోలుగా మోగుతుంది. లోపల మట్టి మెత్తబడి రాలుతుంటుంది. బయటికి చూస్తే ఏమీ తెలియదు. ప్లాస్టిక్ పెయింటు చేసేదీ అదే.

మట్టి మీద మట్టిపూత, దాని మీద సున్నం, అడుగున జాజు. ఫాలూన్ ఎరుపుకు ఇంతకాలం గిరాకీ ఉండడానికి కారణం కూడా ఇలాంటిదే. అది చెక్క మీద పొరలా బిగుసుకోదు, తేమను ఆపదు. వెలిసినప్పుడు పొడిని బ్రష్షుతో దులిపి మళ్లీ పూస్తారు.

అపోహ: పాత తెలంగాణ ఇల్లంటే గడీ

కాదు. గడీ అంటే దొర మేడ, ఊరికొకటి ఉంటే ఎక్కువ. ఇంటీరియర్ ఫొటోల్లో కనిపించే చెక్కడపు స్తంభాలు, కమాన్లు వెట్టితో లేచినవి. ఊరు ఉన్నది పెంకుటింట్లో, కొట్టంలో. స్వీడన్‌లోనూ ఈ గందరగోళం ఉంది. పల్లె అందంగా అమ్ముడయ్యే లేతబూడిద రంగు సన్నకాళ్ల కుర్చీ 18వ శతాబ్దంలో మూడో గుస్తావ్ రాజు ఫ్రెంచి దర్బారును చూసి తెచ్చుకున్న శైలి.

అపోహ: లేతరంగు పైన్ కలప వేస్తేనే ఆ కళ

పైన్ అక్కడ పెరట్లో పెరుగుతుంది కాబట్టి వాడారు. ఇక్కడ మెత్తటి పైన్ చెదలకు విందు. పాతింట్లో తీసేసిన వేప దర్వాజలు, టేకు దూలాలు చిత్రిక పట్టిస్తే చాలు.

అపోహ: అడవి పక్కన, చెరువు ఒడ్డున ఎక్కడైనా కట్టుకోవచ్చు

స్వీడన్‌లో ఎవరి అడవిలోనైనా ఎవరైనా నడవొచ్చు, పండ్లు ఏరుకోవచ్చు. కట్టడం మాత్రం వేరే సంగతి. సరస్సు, సముద్రం ఒడ్డు నుంచి సాధారణంగా 100 మీటర్ల దాకా కొత్త ఇల్లు కట్టనివ్వరు. ఒడ్డు అందరిదని లెక్క.

మన 'లేక్ వ్యూ' ప్లాట్లలో కొన్ని శిఖం భూమికి (చెరువు మునక భూమికి) ఆనుకుని ఉంటాయి, కొన్ని అందులోనే ఉంటాయి. భూపాలపల్లి జిల్లా గణపురంలో కాకతీయుల నాటి గణపసముద్రం లాంటి చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో వేసవిలో ప్లాటు చూడబోయినవాడికి కనిపించదు. ఆయకట్టు రైతును అడిగితే చెబుతాడు. గూడూరు, కొత్తగూడ వైపు ఏజెన్సీ ఊళ్లలో 1/70 చట్టం ఉంది. అక్కడ భూమి గిరిజనేతరుల చేతికి మారడం చెల్లదు, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే. తెల్లకాగితం మీద సంతకాలతో 'అడవి పక్కన ఫామ్‌హౌస్' కొన్నవాళ్ల దగ్గర ఉన్నది ఆ కాగితమే, భూమి కాదు. మైదాన ప్రాంతంలో సాగుభూమిలో ఇల్లు కట్టాలన్నా నాలా (వ్యవసాయేతర భూమిగా) మార్పిడి, పంచాయతీ అనుమతి ఉండాలి.

ఊళ్లోని పాత ఇంటికి ఈ చిక్కులు తక్కువ. అది గ్రామకంఠంలోనే ఉంటుంది, పంచాయతీ ఇంటి నంబరు ఉంటుంది. అన్నదమ్ముల వాటాలు తేలకపోవడమే అక్కడ అసలు తగువు. సున్నం బస్తాలు తెప్పించే ముందు దాన్ని తెంపుకోవాలి.