మధుమేహమును కీళ్ల బిగువును

కొడవలి పట్టి, బరువులు మోసి జీవించు కర్షకునకు భుజము నొచ్చుటయు, వ్రేళ్లు బిగియుటయు వింత గాదు. కావున మనవారు దానిని వాతమనియో, శ్రమఫలమనియో తలంచి, తైలము మర్దించుకొని యూరకుందురు. అట్టి బాధలలో కొన్నింటికి మూలము నెత్తురులోని చక్కెరలో నుండవచ్చునని సభ్యులు గ్రహింపవలయును.

కారణ మిది. కండరమును ఎముకకు బంధించు స్నాయువులును, కీలును చుట్టియుండు పొరయు కొల్లాజెన్ అను మాంసకృత్తుతో నేర్పడినవి. నెత్తురున చక్కెర చిరకాలము హెచ్చుగా నున్నచో, అది యీ పోగుల కంటుకొని వానిని ఒండొంటితో ముడివేయును. అంతట నవి తడిసి యెండిన తోలుపగ్గము వలె బిరుసెక్కి, సాగు గుణమును కోల్పోవును.

ఇందు మొదటిది భుజము బిగియుట. చేయి పైకి లేవదు, వీపువైపు తిరుగదు; రాత్రి నొప్పి హెచ్చు. సామాన్యజనులలో నూటికి 2 మొదలు 5 మందికి వచ్చు నీ బాధ మధుమేహులలో నూటికి 10 మందికి పైగా కలుగుచున్నది. రెండవది వ్రేలు ముడుచుకొని, చాచునపుడు టక్కున విడుట. మూడవది మణికట్టులో నరము నలిగి, రాత్రివేళ వ్రేళ్లు తిమ్మిరెక్కుట. నాలుగవది చేతివ్రేళ్లన్నియు బిగియుట. నమస్కరించునట్లు అరచేతులు జోడించి చూడుడు. వ్రేళ్లు ఒకదాని నొకటి తాకక సందు మిగిలినచో దీనిని శంకింపవలెను.

అన్నిటికంటె అపాయకరమైనది పాదపు కీళ్లు చెడుట. దీనికిని మధుమేహమునకును గల సంబంధమును 1936లో జార్డను అను వైద్యుడు తెలిపెను. నరములు మొద్దుబారుటచే లోపల ఎముక విరిగినను నొప్పి యంతగా తెలియదు. ఒక పాదము వాచి, ఎఱ్ఱబడి, వేడెక్కినచో బెణుకని మర్దింపరాదు, కాపడము పెట్టరాదు. ఆ కాలిపై బరువు మోపక వెంటనే వైద్యునికి చూపవలెను. ఆలసించినచో పాదము శాశ్వతముగా వంకరపోవును.

పొలములో పాటుపడువానికి మధుమేహము రాదనుట పొరపాటు. పరగడుపున తీసిన నెత్తురులో డెసిలీటరునకు 126 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని చక్కెర యున్నట్లు రెండు పరీక్షలలో తేలినచో అది మధుమేహమే. చక్కెరను అదుపున నుంచుకొనుచు, వైద్యుని సలహాపై బిగిసిన కీలును దినదినము మెల్లగా కదల్చుచుండవలెను. కీలులో స్టెరాయిడు సూది వేయించుకొన్నచో కొన్ని దినములు చక్కెర హెచ్చును. కావున ఆ వైద్యునికి తన మధుమేహమును ముందే తెలుపవలెను.

ఆకు పసుపెక్కినచో మనము వేరు పెకలించి చూచెదము గదా! భుజము బిగిసినపుడు నెత్తురు పరీక్షించుకొనుటయు నట్టిదే.