తెర మీద పచ్చదనం, చేలో లెక్క
కోనసీమ చూసి వద్దామనుకునే రైతులకు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్‌నగర్ వైపు దిగితే ఇళ్ళ మధ్య ఇప్పటికీ పెద్ద పెద్ద బండరాళ్ళు కనిపిస్తాయి. ఆ గుట్టల్లోనే తెలుగు సినిమా కాపురం పెట్టింది. 1976లో అన్నపూర్ణా స్టూడియో తెరిచారు. తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. మద్రాసులో ఉన్న పరిశ్రమ మెల్లగా ఇటు చేరింది. ఫిల్మ్ ఛాంబరూ ఇక్కడే, దైవసన్నిధానం పేరుతో గుళ్ళ సముదాయమూ ఇక్కడే. సెట్టు వేస్తే కోట లేస్తుంది, గుడి లేస్తుంది, ఊరికి ఊరే లేస్తుంది. వరిచేను మాత్రం లేవదు. దానికి కాలువ కావాలి, బురద కావాలి, నాలుగు నెలలు కావాలి. అందుకే పచ్చటి పల్లె అవసరమైనప్పుడల్లా సినిమా బళ్ళు గోదావరి దారి పడతాయి.

ఇది ఫిల్మ్‌నగర్‌తో మొదలైన అలవాటు కాదు. 1967లో వచ్చిన బాపు-రమణల ‘సాక్షి’ని ఆత్రేయపురం దగ్గర పులిదిండి గ్రామంలో తీశారు. గోదావరి అవతలి గట్టున, కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. ఎన్ని సినిమాల్లో కనిపించిందో, జనం దాన్ని ‘సినిమా చెట్టు’ అనే పిలిచేవారు. 2024 ఆగస్టులో అది కూలిపోతే మనిషి పోయినట్టు జనం చూడటానికి వెళ్ళారు.

ఆ సినిమాలు చూసి మన మెట్ట రైతులు చాలామంది అనుకునేది ఒకటుంది. ‘వాళ్ళకేం, కాలువ కింద భూములు, కాలు మీద కాలేసుకుని పండిస్తారు’ అని. వెళ్ళి చూస్తే ఆ మాట నిలబడదు.

ఆవు పడిన చేను

హైదరాబాదు నుంచి ఒక రాత్రి బస్సు ప్రయాణం. సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటితే రావులపాలెం. పక్కనే గౌతమి. ఈ రెండు పాయల నడుమ, కింద సముద్రం వరకు ఉన్న ముక్కోణపు నేలే కోనసీమ. 2022 ఏప్రిల్ 4న కోనసీమ పేరుతో జిల్లా అయింది, ఆ తర్వాత దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చారు. రావులపాలెం చేరగానే అరటి గెలల మార్కెట్టు పలకరిస్తుంది. అక్కడినుంచి లోపలికి ఎటు పోయినా ఒక పక్క కాలువ, ఒక పక్క కొబ్బరి, మధ్యలో గుడి.

గోదావరి పుట్టుక గురించి పురాణం చెప్పే కథ రైతుకి బాగా తెలిసిన గొడవే. కరువు రోజుల్లో గౌతమ మహర్షి వరి పండించి పదిమందికీ అన్నం పెట్టేవాడట. ఒకనాడు ఆయన చేలో ఆవు పడింది. దర్భపుల్లతో అదిలిస్తే అది చచ్చిపోయింది. ఆ పాపం పోగొట్టుకోవడానికి తపస్సు చేసి గంగను దించాడని, అదే గోదావరి అయిందని కథ. పంటమేతకు వచ్చిన పశువు గొడవ మనూళ్ళో అయితే పంచాయితీ దాకా పోతుంది, అక్కడ నది దాకా పోయింది. ఆ నది సముద్రంలో కలిసేముందు ఏడు పాయలయిందని, వాటికి గౌతమి, వశిష్ఠ, కౌశిక అంటూ ఋషుల పేర్లు వచ్చాయని చెబుతారు. వశిష్ఠ సముద్రంలో కలిసేచోట అంతర్వేది నరసింహస్వామి. ర్యాలిలో ముందు విష్ణువు, వెనక మోహిని రూపం ఉన్న ఏకశిల విగ్రహం. అయినవిల్లి వినాయకుడు, మురమళ్ళ వీరేశ్వరుడు సరేసరి. చూసే ఓపికుండాలే గాని గుళ్ళకి కొదవ లేదు.

దేవుడు నది ఇచ్చినా, కాలువ ఇచ్చింది కాటన్ దొర అంటారు అక్కడి పెద్దలు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో ముగించాడు. అంతకుముందు కరువులు, తుఫానులతో గోదావరి జిల్లాల జనం వలసపోయిన సంగతి తెలిసిందే. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. డెల్టా మొత్తం మీద సుమారు 10 లక్షల ఎకరాలు ఈ నీటి మీదే ఆధారం.

చేను తొక్కనిచ్చే పండగ

వెళ్ళేది ఒక్కసారే అయితే సంక్రాంతి మర్నాడు, కనుమ రోజున వెళ్ళండి. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట అనే కొబ్బరితోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. ఆ తోటలో గుడి లేదు. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, అంటే ఏకాదశ రుద్రులు, లోకక్షేమం మాట్లాడుకోవడానికి ఏటా ఒకసారి ఇక్కడ కూడతారని నమ్మకం. ఆ రుద్రులను వెదుళ్ళతో కట్టి, రంగు గుడ్డలు చుట్టి, పూలతో అలంకరించిన ఎత్తయిన ప్రభల మీద భుజాలతో మోసుకొస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశికలో దిగి పీకల్లోతు నీళ్ళలో దాటి వస్తాయి. 2023 జనవరి 26న ఢిల్లీ కవాతులో మన ఆంధ్రా శకటం ఈ తీర్థమే.

రైతు చూడాల్సిన సంగతి వేరే ఉంది. ప్రభలకు రోడ్డు అక్కర్లేదు, చేలకు అడ్డంపడి నడుస్తాయి. అప్పటికి దాళ్వా పైరు చేలో ఉంటుంది. వందలమంది అందులోంచి పోతారు. ఏ రైతూ అడ్డు చెప్పడు. దేవుడు తొక్కిన చేను బాగా పండుతుందని వాళ్ళ నమ్మకం. గట్టు మీద అడుగు పెడితేనే కేకలేసే మనబోటి వాళ్ళం ఇది ఒకసారి చూడాలి.

నాటనన్న చేను

దేవుడికి దారి ఇచ్చిన ఈ రైతులే 2011 సార్వాలో నాగలి కట్టేది లేదన్నారు. సుమారు లక్ష ఎకరాలు బీడు పెట్టారు. పంట విరామం అనే మాట దేశమంతా విన్నది అప్పుడే. ఆ ఏడు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 1,080 రూపాయలు. అంటే 75 కిలోల బస్తా 810. ఆ ధరయినా కళ్ళంలో దక్కడం లేదని, కూలి, ఎరువు, కోత ఖర్చులు పోగా చేతికి ఏమీ మిగలడం లేదని రైతులు లెక్కలు చెప్పారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో మళ్ళీ కొన్ని మండలాల్లో అదే మాట లేచింది. 2025-26 సీజనుకి ప్రకటించిన మద్దతు ధర 2,369, బస్తాకి 1,776 చిల్లర. అంకె పెరిగింది. ఖర్చూ ఆగలేదు కదా!

కోనసీమలో చాలామంది కౌలుదార్లు. మక్తా పోయాకే వాళ్ళకి మిగులు. 2019లో తెచ్చిన చట్టంలో కౌలుదారుకు 11 నెలల సాగు హక్కు పత్రం ఇవ్వడానికి భూయజమాని సంతకం తప్పనిసరి చేశారు. సంతకం అడిగితే వచ్చే ఏడు చేను ఉంటుందో ఊడుతుందోనన్న భయం చిన్న కౌలుదారుకి ఎక్కడైనా ఒకటే.

ధరకి తోడు మురుగు. కాలువ నీరు పెట్టడం ఎంత ముఖ్యమో, పల్లపు నేలలో వాన నీరు తీయడం అంత ముఖ్యం. డ్రెయిన్లు పూడి, గుర్రపుడెక్క పెరిగి, సముద్రం దగ్గర మొగలు మూసుకుంటే సార్వా చేను రోజుల తరబడి మునిగే ఉంటుంది. నాట్లు ఆలస్యమైతే కోతలు నవంబరు తుఫాన్లకు దొరుకుతాయి. అందుకే జూన్ మొదట్లోనే కాలువలు వదలాలని అక్కడి రైతులు పట్టుబడతారు. 1996 నవంబరు 6 తుఫాను వాళ్ళు మర్చిపోలేదు. ఒక్క రాత్రిలో కొబ్బరితోటలు నేలకొరిగాయి. కొబ్బరి మొక్క కాపుకి రావడానికే ఏళ్ళు పడుతుంది, ఆ మధ్యకాలం బతుకు ఎట్లా గడిచిందో ఆ ఇళ్ళలో అడగాలి.

ఇక ఉప్పు. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి కేశనపల్లి వైపు పోతే తలలు లేని కొబ్బరి మోళ్ళు వరసగా నిలబడి ఉంటాయి. పోటు నీరు డ్రెయిన్‌లోకి ఎక్కి, వేళ్ళ దగ్గర నిలిచి, చెట్లను చంపింది. ఏ కెమెరా అటు తిప్పుతుంది? మన దగ్గర బోరు నీరు ఉప్పెక్కిన తోటలున్న రైతులు ఈ ఒక్కటి చూసినా ప్రయాణం ఖర్చు దండగ కాదు. తోటల్లో నేర్చుకునేవీ ఉన్నాయి. ఎనిమిది మీటర్ల ఎడంతో వేస్తే ఎకరాకి 63 చెట్లు పడతాయి. వాటి నీడలో కోకో, అరటి, మిరియాల తీగ వేస్తారు. కొబ్బరి రేటు పడిన ఏడు ఆ పంటలే ఇల్లు నడుపుతాయి. అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది. తెల్లదోమ, ఆకుతేలు సంగతులు అక్కడ అడగొచ్చు. పక్కనే కొబ్బరి మార్కెట్టులో కురిడీ బేరం చూడండి. వచ్చేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు మరవద్దు. బియ్యపు పిండి నీళ్ళతో అంత పల్చటి రేకు తీసే చేతికి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కాలువ కిందో, చెరువు కిందో పచ్చగా ఉన్న మన ఊళ్ళకూ ఫిల్మ్‌నగర్ బళ్ళు వస్తుంటాయి గనుక ఒక్క మాట. షూటింగుకి చేను అడిగితే సరదాపడి నోటిమాటతో ఒప్పుకోవద్దు. ఎన్ని రోజులు, ఎన్ని సెంట్లు, పైరు ఏ దశలో ఉంది, తొక్కితే బస్తాల లెక్కన ఎంత కట్టిస్తారు, గట్లు, బోదెలు ఎవరు సరిచేస్తారు, అన్నీ కాగితం మీద రాయించుకోవాలి. చేను కౌలుదిదైతే డబ్బు ఆసామీకా, సాగుదారుకా అన్నది కూడా అందులోనే ఉండాలి. అడ్వాన్సు చేతిలో పడ్డాకే గట్టు దిగనివ్వండి. ప్రభ అయితే వేరు.