అన్నీ ఆ ఒక్క చెట్టే!

ఆ లోయ ఎక్కడుందో కొద్దిమందికే తెలుసు. ఆచూకీని ఆస్ట్రేలియా అధికారులు గుట్టుగా ఉంచుతున్నారు. అలాగని అక్కడ బంగారమేమీ లేదు. ఉన్నవి చెట్లు... అవీ పెద్దవి లెక్కపెడితే వందలోపే!

1994 సెప్టెంబరులో డేవిడ్ నోబుల్ అనే పార్కు ఉద్యోగి సిడ్నీకి వాయవ్యాన ఉన్న వొలెమై నేషనల్ పార్కులో ఓ ఇరుకు లోయలోకి దిగాడు. అడుగున ఎన్నడూ చూడని చెట్లు కనిపించాయి. నలభై మీటర్ల దాకా ఎత్తు, ఉడుకుతున్న చాక్లెట్‌లా బుడిపెలు తేలిన బెరడు. అతను తెచ్చిన కొమ్మను చూసి వృక్షశాస్త్రవేత్తలు నివ్వెరపోయారు. ఆ వంశం వాళ్లకు తెలిసింది శిలాజాల్లోనే. డైనోసార్లు తిరిగిన కాలం నాటిది మరి! దొరికిన చోటునూ, కనిపెట్టిన మనిషినీ కలిపి 'వొలెమియా నొబిలిస్' అని పేరు పెట్టారు. మన పార్కుల్లో క్రిస్మస్ చెట్టని పిలుచుకునే అరకేరియాదీ ఇదే కుటుంబం.

అసలు విచిత్రం ప్రయోగశాలలో బయటపడింది. వేర్వేరు చెట్ల డీఎన్ఏను వందలాది చోట్ల పోల్చి చూసినా తేడా దొరకలేదు. ఈ చెట్టు మొదట్లోంచి కొత్త మానులు లేస్తాయి, అరటి పిలకల్లా. కాబట్టి ఒకే చెట్టు గుంపుగా కనిపించడంలో వింత లేదు. కానీ దూరదూరంగా ఉన్న గుంపులూ అచ్చు అలాగే ఉన్నాయి! ఎప్పుడో ఈ జాతి గుప్పెడు చెట్లకు కుదించుకుపోయిందనీ, ఇప్పుడున్నవన్నీ ఆ గుప్పెడు వారసులేననీ శాస్త్రవేత్తల ఊహ.

ఒకేలా ఉంటే నష్టమేమిటి అంటారా? ఐరోపాలోని స్కాట్స్ పైన్‌ను చూడండి. స్కాట్లండ్ నుంచి సైబీరియా దాకా పెరిగే చెట్టిది. ఉత్తరాది గింజల్నీ దక్షిణాది గింజల్నీ పక్కపక్కనే మొలిపిస్తే, ఉత్తరాది మొక్క ముందే ఎదుగుదల ఆపి చలికి సిద్ధమైపోతుంది. తల్లిచెట్టు ఊళ్లో చలి తొందరగా వస్తుంది కదా! ఆ తెలివి గింజలోనే ఉంది. ఒకే అడవిలోనూ తొందరపడేవీ, నిదానించేవీ ఉంటాయి. కాలం మారితే కొన్నయినా తట్టుకుంటాయి. వొలెమైకి ఆ వెసులుబాటు చాలా తక్కువ.

ఆ సంగతి 2005లో గుండెలదరగొట్టింది. వేళ్లను కుళ్లబెట్టే ఫైటోఫ్తొరా అనే సూక్ష్మజీవి లోయలోకి చేరింది. అనుమతి లేకుండా వెళ్లినవాళ్ల బూట్ల మట్టితోనే వచ్చి ఉంటుందని అనుమానం. అందరిదీ ఒకే ఒళ్లయినప్పుడు ఒకరికి పడని జబ్బు అందరికీ పడదు!

తర్వాత మంటలు. 2019 చివర్లో గాస్పర్స్ మౌంటెన్ కార్చిచ్చు అయిదు లక్షల హెక్టార్లకు పైగా దహించింది. అగ్నిమాపక సిబ్బంది హెలికాప్టర్ల నుంచి లోయలోకి దిగి చెట్లచుట్టూ నేల తడిపే పైపులు అమర్చారు. పైనుంచి విమానాలు మంటల్ని అడ్డుకునే రసాయనం చల్లాయి. కొన్ని చెట్లు కమిలిపోయినా గుంపు దక్కింది.

2006 నుంచి వొలెమై మొక్కల్ని నర్సరీల్లో అమ్మడం మొదలుపెట్టారు. ఇంట్లోనే కుండీలో ఉంటే లోయలోకి చొరబడే మోజు తగ్గుతుందన్నది ఆలోచన. మంచిదే. కానీ కొమ్మలు కత్తిరించి పెంచినవి ఎన్ని వేలైనా లెక్క పెరుగుతుంది గానీ వైవిధ్యం పెరగదు.

అందుకే ఇప్పుడు పద్ధతి మార్చారు. కొత్త జన్యు పరీక్షల్లో చెట్లమధ్య అతి స్వల్ప తేడాలు పట్టుబడ్డాయి. ఉన్న ఆ కాస్త వైవిధ్యమూ వీలైనంత చేరేలా ఏరిన మొక్కల్ని 2023లో యూరప్, ఆస్ట్రేలియా, అమెరికా తోటలకు పంచారు. ఏది ఏ చలికి నిలుస్తుందో, ఏ ఎండకు వాడిపోతుందో తోటమాలులు రాసిపెడుతున్నారు.