ముల్లు ఎరుపెక్కితే ఎండను తిట్టొద్దు
ఇంజిన్ వేడెక్కడం రోగం కాదు, లక్షణం. అది ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే సగం గుట్టు విడిపోతుంది

2024 ఏప్రిల్ 30న ఖరగ్‌పూర్ పొరుగునే ఉన్న కలైకుండలో ఉష్ణోగ్రత 47.2 డిగ్రీలకు చేరింది. అలాంటి ఎండలో బానెట్ కింద నుంచి ఆవిరి చిమ్మితే నింద ఎండ మీదకే పోతుంది. నిజానికి బాగున్న కారు ఆ ఎండనూ తట్టుకుంటుంది. ఎండ చేసేదల్లా అప్పటికే ఉన్న లోపాన్ని బయటపెట్టడమే.

ఈ రైల్వే పట్టణంలోని తెలుగువారికి ఇది చిన్న విషయం కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో. సొంతూరికి కారులో బయల్దేరితే 16వ నెంబరు జాతీయ రహదారిపై ఆరు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. దారి మధ్యలో ఇంజిన్ మొరాయిస్తే పిల్లాపాపలతో నడిరోడ్డున నిలబడాల్సిందే.

ఇంధనం నుంచి పుట్టే శక్తిలో దాదాపు మూడో వంతే చక్రాలను తిప్పే పనికి వస్తుంది. సుమారు మరో మూడో వంతును కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్ ద్వారా గాలికి వదలాలి. ఇంజిన్ వేడెక్కేదాకా థర్మోస్టాట్ దారి మూసి ఉంచుతుంది. 80-90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. పంపు కూలెంట్‌ను తిప్పుతుంది, ఫ్యాన్ గాలి లాగుతుంది. రేడియేటర్ మూత లోపలి పీడనాన్ని నిలబెట్టి, కూలెంట్ 100 డిగ్రీలకే మరగకుండా చూస్తుంది. ఈ గొలుసులో ఏ లంకె తెగినా ముల్లు పైకి లేస్తుంది.

తెగిన లంకె ఏదో పట్టుకోవడానికి ఒక వరుస ఉంది. గోల్ బజార్ రద్దీలో వేడెక్కి, హైవే ఎక్కగానే చల్లబడితే మొదటి అనుమానం ఫ్యాన్ మీద. చాలా కార్లలో ఏసీ వేస్తే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు చూడాలి. ఊళ్లో బాగుండి హైవే వేగంలో వేడెక్కితే రేడియేటర్ పూడుకుపోయిందేమో, కూలెంట్ తగ్గిందేమో, పంపు అరిగిందేమో చూడాలి. ఇంజిన్ కాలిపోతున్నా రేడియేటర్ చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు. బయట చుక్క కారకుండానే కూలెంట్ తరుగుతూ, పొగగొట్టం నుంచి తీపి వాసనతో తెల్లటి పొగ వస్తుంటే, లేదా ఆయిల్ పాల టీ రంగుకు మారితే హెడ్ గాస్కెట్ పోయినట్టే అనుకోవాలి.

రోజూ నీళ్లు పోసుకుంటూ నెట్టుకురావడమే అసలు ప్రమాదం. లీకు అలాగే ఉంటుంది, కూలెంట్ పలచబడుతుంది, తుప్పు పట్టి సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి. చివరికి అల్యూమినియం హెడ్ వంకరపోతుంది. హోస్ పైపుతో పోయేది ఇంజిన్ విప్పేదాకా వస్తుంది.

ముల్లును గుడ్డిగా నమ్మడానికీ లేదు. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్‌ను తాకేది గాలే. అప్పుడు ఇంజిన్ మాడుతున్నా ముల్లు కిందికి దిగొచ్చు. ఆవిరి ఇంజిన్ల కాలంలో ఇలాంటి మోసానికి విరుగుడు ఉండేది. బాయిలర్‌లో నీరు మరీ తగ్గితే నిప్పుగూడు పైకప్పులోని సీసపు ప్లగ్ కరిగి, ఆవిరి నిప్పు మీదకే బుసకొట్టి సిబ్బందిని హెచ్చరించేది. కారుకు ఆ వసతి లేదు. ఆ హెచ్చరికను డ్రైవరే పసిగట్టాలి.

ముల్లు ఎరుపు వైపు కదిలితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పాలి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. ఉక్కపోసినా కొంత వేడిని ఇంజిన్ నుంచి లాగేస్తుంది. భద్రమైన చోట పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. కనీసం అరగంట మూత ముట్టకూడదు. పీడనంలో ఉన్న కూలెంట్ ముఖాన చిమ్మితే ఒళ్లు కాలుతుంది. సలసల కాగే ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే లోహం పగలొచ్చు. పైహోస్ చేతికి చల్లగా తగిలాకే మూత తీయాలి.

దూర ప్రయాణానికి ముందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం, హోసులు, బెల్టు చూసుకోవడానికి పది నిమిషాలు చాలు. నడిరోడ్డు మీద మెకానిక్ కోసం ఎదురుచూసే గంటలతో పోలిస్తే అదేమంత ఎక్కువ?