సంఘానికో వికీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉగాది కార్యక్రమానికి హాలు ఎన్ని నెలల ముందు బుక్ చేసుకోవాలి, సౌండు వాళ్లకు అడ్వాన్సు ఎంతివ్వాలి, భోజనాలు ఎంతమందికి చెబితే సరిపోతాయి, బీమా పత్రం ఎవరు అడుగుతారు? ఏ తెలుగు సంఘంలోనైనా ఇవన్నీ తెలిసినవారు ఎవరో ఒకరుంటారు. పదవీకాలం ముగిసి వారు పక్కకు తప్పుకుంటారు, లేదా ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లిపోతారు. కొత్త కార్యవర్గం మళ్లీ ఓనమాల దగ్గర మొదలుపెడుతుంది. వాట్సాప్ గ్రూపులో ఆ సంగతులు ఉండకపోవు. కానీ శుభోదయాల బొమ్మల కింద పూడుకుపోయినదాన్ని తవ్వితీసే ఓపిక ఎవరికుంటుంది?

సంఘం పేరిట చిన్న వికీ ఒకటి పెట్టుకుంటే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం లేనివారు కూడా ఒక సాయంత్రం కూర్చుని ఎక్కించగలరు. అయితే ఎవరు రాస్తారు, ఎవరు చూస్తారు, ఎవరి పేరిట ఉంటుంది అనే మూడు ప్రశ్నలకు ముందే జవాబు ఉంటేనే అది నిలుస్తుంది.

వికీలో ఏముంది?

అనుమతి ఉన్నవారెవరైనా బ్రౌజరులోనే తెరిచి దిద్దగలిగే పేజీల సముదాయమే వికీ. అమెరికా ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని 1995 మార్చి 25న జనం ముందు పెట్టాడు. 2001 జనవరిలో మొదలైన వికీపీడియాతో ఆ పద్ధతి ఇంటింటికీ చేరింది. వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టింది.

పేజీలో జరిగిన ప్రతి దిద్దుబాటూ ‘చరిత్ర’లో నమోదవుతుంది. ఎవరైనా పొరపాటున పేజీ అంతా చెరిపేసినా పాత కూర్పును వెనక్కి తెచ్చుకోవచ్చు. కొత్తవారి బెదురు పోగొట్టాలంటే ముందు ఈ సంగతి చెప్పాలి. మీడియావికీ అనే వికీ సాఫ్ట్‌వేర్‌లో పేజీ పక్కనే చర్చకు వేరే చోటు ఉంటుంది. ఇంకా రాయని పేజీకి లింకు ఇస్తే అది ఎర్రగా కనిపించి, రాయాల్సినదేదో గుర్తు చేస్తుంది.

తెలుగు వికీపీడియా ఉండగా మనకు మరొకటి ఎందుకని అడగవచ్చు. అక్కడ ఒక విషయం మీద వ్యాసం నిలవాలంటే దానికి తగిన ప్రాముఖ్యత ఉండాలి, ప్రచురితమైన మూలాలు చూపాలి. మన సంఘం తొలి సంక్రాంతి ముచ్చట్లు, వంటల పట్టీలు, బడి పాఠాలు అక్కడ ఇమడవు.

ఏది ఎంచుకోవాలి?

మీడియావికీ, డోకువికీ అనే రెండు వికీ సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. వికీపీడియా నడిచేది మీడియావికీ మీద. కాబట్టి మెనూలు, బొత్తాలు తెలుగులోనే వస్తాయి, తెలుగు వికీలో రాసినవారికి చేయి తిరిగినట్లే ఉంటుంది. దీనికి డేటాబేసు కావాలి, అప్పుడప్పుడూ కొత్త వెర్షనుకు మార్చుతూ ఉండాలి. ఆండ్రియాస్ గోర్ 2004లో విడుదల చేసిన డోకువికీకి డేటాబేసు అక్కర్లేదు. ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైలు.

వీటి మధ్య ఎంపికను తేల్చేది గోప్యత. కొన్ని పేజీలు అందరికీ, కొన్ని సభ్యులకు, జమాఖర్చులు కార్యవర్గానికి మాత్రమే కనిపించాలంటే డోకువికీలో ఆ ఏర్పాటు దానిలోనే ఉంది. మీడియావికీని పేజీలు దాచడానికి తయారుచేయలేదని దాని రూపకర్తలే చెబుతారు. అన్నీ అందరూ చదవదగ్గవైతే మీడియావికీ, లేకపోతే డోకువికీ. సర్వరు తలనొప్పి వద్దనుకుంటే, విరాళాలతో నడిచే మిరాహీజ్ వంటి చోట మీడియావికీని ఉచితంగా అడిగి పెట్టించుకోవచ్చు.

ఎక్కించడం

ముందు డొమైన్ పేరు, ఒక మామూలు హోస్టింగ్ ఖాతా తీసుకోండి. చాలా కంపెనీల కంట్రోల్ ప్యానెల్‌లో ఈ రెండు వికీలనూ ఒక్క నొక్కుతో ఎక్కించే వీలుంటుంది. డోకువికీ మొదట్లోనే వికీ పేరు, నిర్వాహకుల వివరాలు అడిగి, మూడు దారులు చూపిస్తుంది: అందరూ రాయగలిగేది, అందరూ చదివి సభ్యులే రాసేది, సభ్యులకు తప్ప తెరుచుకోనిది. సంఘాలకు రెండోదో మూడోదో సరిపోతుంది. పని పూర్తయ్యాక ఇన్‌స్టాల్ ఫైలును తీసేయాలి. డేటా ఫోల్డరు బయటినుంచి బ్రౌజరులో తెరుచుకోవడం లేదని చూసుకోవాలి.

ఎవరికి వారు ఖాతా తెరుచుకునే వీలును మొదటిరోజే ఆపేయండి. లేకపోతే ప్రకటనల లింకులు గుప్పించే బాట్లు కొద్దిరోజుల్లోనే వచ్చి పడతాయి. అడిగినవారికి నిర్వాహకులే ఖాతా ఇస్తే చాలు.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు

డోకువికీ ఫైలు పేర్లలో ఒక్కో తెలుగు సంకేతాన్ని తొమ్మిది ఇంగ్లిషు గుర్తులుగా మార్చి రాస్తుంది. గుణింతం, పొల్లు కూడా విడి సంకేతాలే. లినక్స్ సర్వరులో ఫైలు పేరు హద్దు 255 బైట్లు కాబట్టి, పాతిక సంకేతాలు దాటిన శీర్షిక పెడితే పేజీ భద్రం కాకపోవచ్చు. సెట్టింగుల్లో ఫైలు పేర్ల పద్ధతిని యూటీఎఫ్-8కి మార్చితే దాదాపు మూడింతలు పొడవైన పేర్లు పడతాయి. ఇది పేజీలు రాయకముందే చేయాలి. తర్వాత మారిస్తే పాత పేజీలు దొరకవు.

రెండో చిక్కు సంఘం పత్రిక పాత సంచికలది. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కూర్చిన వ్యాసాలను కాపీ చేసి అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిగా పడ్డాయో లేదో ఎవరైనా చదివి దిద్దాలి. అచ్చు ప్రతి మాత్రమే మిగిలితే స్కాన్ చేసి, గూగుల్ ఓసీఆర్‌తో అక్షరాలు రాబట్టవచ్చు. ఏ వ్యాసమైనా రచయిత అనుమతి తీసుకున్నాకే పెట్టాలి.

ఏం రాయాలి?

ఖాళీ వికీని చూపించి రాయమంటే ఎవరూ రాయరు. ఇద్దరు ముగ్గురు కలిసి ఓ పది పేజీలు నింపాకే సభ్యులకు చెప్పండి. ఏటా చేసే పండగల ఏర్పాట్లు, గత కార్యవర్గాలు, పాత సంచికల విషయసూచికలు, తెలుగు బడి పాఠాలు, కొత్తగా వచ్చిన కుటుంబాలకు కావలసిన వివరాలు, మనవారిలో ఎవరైనా కన్నుమూస్తే చేయాల్సిన పనుల వరస: వీటితో మొదలుపెట్టవచ్చు. చివరిదాని అవసరం వచ్చిన రాత్రి ఎవరికీ ఏదీ తోచదు. కాబట్టి అది ముందే రాసి ఉండాలి.

పెద్దలకు పేజీ దిద్దడం కష్టమనిపిస్తే వారు చెబుతుంటే పిల్లలు టైపు చేయవచ్చు. కొత్తవారు చేయి సాధన చేసుకోవడానికి తెలుగు వికీలో ఉన్నట్టే ఒక ‘ప్రయోగశాల’ పేజీ పెట్టండి. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు, పిల్లల పుట్టినతేదీలు, వీసా సంగతులు బహిరంగ పేజీల్లోకి రానివ్వకండి. పేజీ చరిత్రలో పాత కూర్పులు ఉండిపోతాయి కనుక, పైన చెరిపేసినంత మాత్రాన అవి పోవు.

ఎవరి పేరిట?

డొమైన్, హోస్టింగ్ సంఘం ఈమెయిలుతో తీసుకోవాలి, సంఘం ఖాతానుంచే డబ్బు కట్టాలి. ఒక వ్యక్తి క్రెడిట్ కార్డు మీద నడిచే వికీ ఆ కార్డు గడువు తీరేదాకానే. నిర్వాహకులు ఇద్దరికి తగ్గకుండా ఉండాలి. డోకువికీకైతే డేటా, కాన్ఫ్ ఫోల్డర్ల ప్రతిని నెలకోసారి వేరేచోట దాచండి. మీడియావికీకి డేటాబేసు ప్రతి, బొమ్మల ఫోల్డరు, సెట్టింగుల ఫైలు మూడూ కావాలి.

బాధ్యతలు అప్పగించే రోజున పాత కార్యదర్శి తాళంచెవులు, బ్యాంకు పత్రాలతోపాటు వికీ పాస్‌వర్డులు కూడా ఇవ్వాలి. కొత్త కార్యదర్శి ఆ దాచిన ప్రతి నుంచి వికీని మరోచోట ఒకసారి నిలబెట్టి చూడాలి. అది తెరుచుకుంటే సరే. తెరుచుకోకపోతే పాతవారు ఇంకా అందుబాటులో ఉండగానే సరిచేసుకోవచ్చు.