నిమ్మాకు మీద వెండి చార

తొలకరి పడ్డాక నిమ్మచెట్టు చిగురిస్తుంది. మరో వారం పది రోజులకు ఆ లేతాకుల మీద వెండిరంగు చార మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. విజయవాడ డాబాల మీద కుండీల్లో పెరిగే నిమ్మకైనా, తెనాలి వైపు తోటల్లోని నిమ్మకైనా ఈ చార తప్పదు. పోయిన నెల ఎదురింటి పిన్నిగారు ఒక రెమ్మ తుంచుకుని వచ్చారు. "రాత్రిళ్ళు నత్తలు పాకుతున్నాయే అమ్మాయ్, ఉప్పు చల్లినా పోవట్లేదు" అన్నారు. ఉప్పు మాట వినగానే నాకు గుండె గుభేలుమంది. కుండీలో ఉప్పు పడితే చార పోదు, చెట్టే పోతుంది.

అపోహ: అది నత్త జాడ, కాకపోతే ఏదో వైరస్.

వాస్తవం: నత్త జిగురైతే తడివేలితో రుద్దగానే పోతుంది. ఈ చార పోదు, ఎందుకంటే అది ఆకు మీద లేదు, ఆకు పైపొర లోపల ఉంది. ఆ రెమ్మను పిన్నిగారి చేతే ఆకాశానికేసి పట్టించి చూపించాను. చార నడుమ సన్నటి నల్లదారంలా ఒక గీత ఉంది. అది పురుగు వదిలిన మలం. చార ఒక కొసన వెంట్రుకంత సన్నగా మొదలై, పురుగు పెరిగిన కొద్దీ వెడల్పవుతూ పోయింది. వెడల్పాటి కొస దగ్గర ఆకు అంచు చిన్నగా మడతపడి ఉంది. గోటితో విప్పితే లోపల ప్యూపా.

ఆకు తొలిచే ఈ పురుగు ఒక రెక్కలపురుగు పిల్ల. తల్లిపురుగు రెక్కలు చాపినా నాలుగు మిల్లీమీటర్లే. వెండితెలుపు రెక్కలు, ఒక్కో ముందురెక్క కొసన నల్లచుక్క. పొద్దువాలాక, తెల్లవారుజామున తిరుగుతుంది కాబట్టి చాలామంది రైతులు కూడా దాన్ని చూసి ఉండరు. శాస్త్రీయనామం ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. 1856లో స్టెయిన్‌టన్ దీన్ని వర్ణించింది కలకత్తా నుంచి వచ్చిన నమూనాలను చూసే. అంటే మన గడ్డ పురుగే. అమెరికాలోని ఫ్లోరిడా తోటలకు 1993లో గానీ చేరలేదు.

అపోహ: చార కనపడగానే మందు కొట్టాలి.

వాస్తవం: డబ్బూ శ్రమా ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. తల్లిపురుగు గుడ్డు పెట్టేది లేత చిగురుకే. ఆకు ముదిరి పైపొర గట్టిపడితే పిల్లపురుగు దాన్ని తొలవలేదు. చార బాగా వెడల్పై మన కంట పడేసరికి లోపలి పురుగు తిండి మానేసి మడతలోకి చేరిపోతూ ఉంటుంది, లేదా రెక్కలొచ్చి ఎగిరిపోయి ఉంటుంది. ఉన్నా, పైపొర గొడుగులా కాపాడుతుంది. ఈరోజు కొట్టిన మందు నిన్నటి ఆకును బాగుచేయదు.

పైగా ఆ మందుకు ముందు చచ్చేది మన మిత్రులే. మడతలు విప్పుతూ పోతే కొన్నిట్లో ప్యూపాకు బదులు ఎండిన పురుగు పొట్టు, దాని పక్కన నువ్వుగింజ కన్నా చిన్న నల్లటి ప్యూపాలు దొరుకుతాయి. అవి పరాన్నజీవి కందిరీగలవి. పురుగును లోపలే తినేసి బయటికొస్తాయి. పదే పదే ఘాటు మందులు కొట్టిన తోటలో ఇవి ముందు మాయమవుతాయి, ఆపైన పురుగుకు అడ్డుండదు.

కాపుకొచ్చిన పెద్ద చెట్టు ఈ నష్టాన్ని తట్టుకుంటుంది. దాన్ని వదిలేయడమే మంచిదని నా గట్టి నమ్మకం. జాగ్రత్త కావలసింది నారుమళ్ళకు, కడియం నర్సరీల నుంచి తెచ్చి నాటిన మొక్కలకు, మొదటి మూడు నాలుగేళ్ళు. చిగురు అంగుళం పొడవున్నప్పుడే అయిదు శాతం వేపగింజల కషాయం కొట్టాలి. ఇంట్లో అయితే యాభై గ్రాముల వేపపప్పు దంచి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపితే చాలు. సాయంత్రం వేళ, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టాలి. యూరియా అదేపనిగా వేస్తే చిగురు మీద చిగురు వస్తూనే ఉంటుంది, పురుగుకు రోజూ పండగే. మొదట్లోంచి నిటారుగా లేచే నీటికొమ్మలను తీసేయండి.

అపోహ: చార ఉన్న ఆకులన్నీ కోసేయాలి.

వాస్తవం: సగం చారలున్న ఆకు కూడా మిగతా పచ్చదనంతో చెట్టుకు అన్నం వండిపెడుతూనే ఉంటుంది. కోసేస్తే చెట్టు మళ్ళీ చిగురిస్తుంది, పురుగుకు మళ్ళీ మేత. ఐరోపాలో హార్స్ చెస్ట్‌నట్ చెట్లను పట్టిన ఇలాంటి పురుగు ఒకటుంది. 1984లో నేటి ఉత్తర మాసిడోనియాలోని ఓహ్రిడ్ సరస్సు దగ్గర కనిపించి ఖండమంతా పాకింది. దాని ప్యూపాలు రాలిన ఆకుల్లో చలికాలం గడుపుతాయి, అందుకే అక్కడ ఆకులు ఊడ్చి తీసేస్తే ఫలితముంటుంది. మన నిమ్మపురుగు పచ్చి ఆకు మడతలోనే ప్యూపాగా మారి, అక్కడినుంచే ఎగిరిపోతుంది. చెట్టుకింద ఊడ్చి లాభం లేదు.

అపోహ: గజ్జి తెగులును ఈ పురుగే తెస్తుంది.

వాస్తవం: గజ్జి తెగులు బాక్టీరియా వల్ల వస్తుంది, గాలివానతో వ్యాపిస్తుంది. పురుగు దాన్ని మోసుకురాదు, కానీ తొలిచిన గాయాలు బాక్టీరియాకు తెరిచిన తలుపులు. నిమ్మకు గజ్జి త్వరగా సోకుతుంది. కాబట్టి గజ్జి ఉన్న తోటలో వానాకాలపు చిగురును మాత్రం ఈ పురుగు నుంచి కాపాడుకోవాల్సిందే. పైన వదిలేయమన్న మాట అక్కడికి వర్తించదు.

అపోహ: ఆకు తొలిచేవన్నీ ఒకే పురుగు.

వాస్తవం: చిక్కుడు, దోస ఆకుల మీద తెల్లటి మెలికలు ఈగ పిల్లల పని. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ ఈగ 1990 ప్రాంతంలో హైదరాబాదులో ఆముదం మీద బయటపడింది. టమాటాలో మెలికలకు బదులు వెడల్పాటి మచ్చలుండి, కాయకూ రంధ్రాలు పడితే అది 2014లో మన దేశంలో కనిపించిన టూటా అబ్సల్యూటా అనే రెక్కలపురుగు. వరిలో తెల్లచారలు హిస్పా పెంకుపురుగువి. బాపట్ల ఇసుక నేలల్లో వేరుశనగను పట్టే పురుగు ముందు ఆకు తొలిచి, తర్వాత మడతపెడుతుంది. వానలు ఎగ్గొడితే అది పెరుగుతుంది, గట్టి వాన పడితే తగ్గుతుంది. రోడ్ల పక్క కానుగాకుల మీద బొడిపెలు అసలు పురుగువే కావు, కంటికానని నల్లివి. ఒకదాని మందు మరొకదానికి పనిచేస్తుందని అనుకోకూడదు.

పిన్నిగారి కుండీలో ఉప్పు పడ్డ మన్ను తీసేసి కొత్తమన్ను పోశాం. మొన్న ఆదివారానికి కొత్త చిగురు అంగుళం వచ్చింది. సాయంత్రం ఆరింటికి ఆవిడ కషాయం వడకట్టుకుని డాబా ఎక్కారు. ఆకు అడుగున కొట్టమని నేను చెప్పేలోపే రెమ్మను ఎడమచేత్తో తిరగేసి పట్టుకున్నారు.